పొరుగింటి మిషన్‌కు చందాలేవి?

మిషనరీ దంపతులు కొత్త దేశంలో మొదటి ఏడాది ఎన్ని కష్టాలు పడతారో లోకానికి బాగా తెలుసు. నెలనెలా తమ చందాదారులకు ప్రార్థన లేఖ రాసి వాళ్లే తెలియజేస్తారు. కానీ వాళ్లు దిగిన ఇంటికి పక్కింట్లో ఉన్నవాళ్లు పడే కష్టం గురించి రాసినవాళ్లు లేరు. వాళ్లను పంపిన సంఘం లేదు. చందాదారులు లేరు. నలుగురి ఫ్రిజ్‌ల మీద అంటించడానికి నవ్వుతూ దిగిన ఫొటో కార్డు కూడా లేదు. ఈ అన్యాయాన్ని ఇకనైనా సరిదిద్దాలని మనవి.

పని ఎంత పెద్దదో ముందు గమనించండి. ఒక రోజు పొద్దున్నే ఇద్దరు పెద్దవాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు, పెట్టెలతో సహా వీధిలో దిగుతారు. వాళ్లకు మాట రాదు. రోడ్డు దాటడం రాదు. బళ్లు రాని వైపు శ్రద్ధగా చూసి, వచ్చే వైపు అడుగేస్తారు. తెచ్చుకున్న ప్లగ్గు ఈ గోడలో పట్టదు. కుళాయి నీళ్లు తాగొచ్చో కూడదో, చెత్తబండి ఏ రోజు వస్తుందో, ఇంటాయన అద్దె అడిగాడో ఆరోగ్యం అడిగాడో తెలియదు. వీళ్లు ఈ దేశానికి బోధించడానికి వచ్చారు. అయితే బోధన మొదలవ్వాలంటే ముందు బోధకులు ప్రాణాలతో ఉండాలి కదా! ఆ భారం పక్కింటావిడ మీద పడుతుంది. ఆమెకు దర్శనం కలగలేదు, పిలుపు రాలేదు, శిక్షణ ఎవరూ ఇవ్వలేదు. తలుపు కొట్టారు, తీసింది. అక్కడితో ఆమె సేవ మొదలైంది.

ఉదాహరణకు రెసిడెన్స్ పర్మిట్, అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి కాగితం సంగతి చూద్దాం. కొత్త దేశంలో కాపురం పెట్టిన ఎవరినడిగినా మొదట చెప్పేది దీని గురించే. బ్యాంకు ఖాతా కావాలంటే పర్మిట్ చూపించమంటారు. పర్మిట్ కావాలంటే ఇంటి అద్దె కాగితం చూపించమంటారు. అద్దె కాగితం రాయాలంటే అడ్వాన్సు బ్యాంకు ద్వారా పంపమంటారు. దంపతులు ఈ మూడింటి చుట్టూ ప్రదక్షిణ చేస్తుంటారు. చివరికి పక్కింటావిడ మరిది ఒక పూట సెలవు పెట్టి వెంట వెళ్లి, ఏ కౌంటర్ ఎన్నింటికి మూసేస్తారో, ఏ గుమస్తాకు ఏ కాపీ మీద ముద్ర కావాలో చెప్పి పని పూర్తి చేయిస్తాడు. ఆ నెల ప్రార్థన లేఖలో 'దేవుడు అద్భుతంగా ద్వారం తెరిచాడు' అని ఉంటుంది. ఉండనివ్వండి. దేవుడి పేరు రాసినందుకు అభ్యంతరం లేదు. ఆయన వాడుకున్న మరిది పేరు కూడా పక్కన రాస్తే కాగితం ఏమీ చిరిగిపోదు.

ఇది ఇవాళ్టి అన్యాయం కాదు. ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ 1793లో ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా బెంగాల్ చేరాడు. ఆయనకు బెంగాలీ నేర్పిన మునిషీ రామ్‌రామ్ బసు. కేరీ చేతి మీదుగా మొదటి బెంగాలీ బాప్తిస్మం జరిగింది 1800 డిసెంబరు 28న, కృష్ణ పాల్‌కు. అంటే ఏడేళ్లు. ఈలోగా మునిషీగారు మాత్రం తన శిష్యుణ్ణి తన భాషలోకి పూర్తిగా తిప్పేసుకున్నారు. ఆయన తాను మాత్రం ఎప్పుడూ బాప్తిస్మం తీసుకోలేదు. ఫలితాలు చూసి చందా ఇచ్చే దాతలెవరైనా ఈ లెక్క చూస్తే డబ్బు ఎవరికి పంపాలి?

అమెరికా నుంచి బర్మాకు వెళ్లిన మిషనరీలు జడ్సన్ దంపతులదీ ఇదే వరస. అడోనిరామ్, ఆన్ 1812 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకుని రెండు వారాలకే ఓడ ఎక్కారు. 1813 జులైలో రంగూన్‌లో దిగారు. మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మం పొందింది 1819లో. ఆయన పండితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తాళపత్రాల మీద కుస్తీ పడుతుంటే, ఇల్లు నడపాల్సిన ఆవిడకు మాట్లాడటం ముందు వచ్చేసింది. వ్యాకరణం రాకపోతే భర్త ఇంకో పుట తిప్పుతాడు. మాట రాకపోతే ఆవిడకు ఆ పూట పొయ్యి వెలగదు. ఏ భాషా పాఠశాలా ఈ రెండో పద్ధతిని సిలబస్‌లో పెట్టలేదు. పక్కింట్లో మాత్రం ఎప్పుడూ ఈ పద్ధతిలోనే చెబుతారు.

చైనాకు వెళ్లిన ఇంగ్లండ్ మిషనరీ హడ్సన్ టేలర్ 1855లో అక్కడి దుస్తులు వేసుకుని, తల గొరిగించి వెనక జడ పెట్టుకుంటే తోటి ఐరోపావాళ్లు నవ్వారు. ఆ నిర్ణయాన్ని చరిత్ర ఘనంగా చెప్పుకుంటోంది. ఆ తల గొరిగిన మంగలికి మాత్రం విగ్రహం పెట్టలేదు.

కేరీ భార్య డొరొతీ సంగతి దగ్గర వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టాలి. ఆమె మొదట రానంది. ఒప్పించి, చంటిబిడ్డతో ఓడ ఎక్కించారు. మరుసటి ఏడాది కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది, 1807లో చనిపోయేదాకా కుదుటపడలేదు. పిలుపు ఒకరికి, ప్రయాణం ఇద్దరికీ అయినప్పుడు రెండో మనిషి ఎలా ఉందని అడిగే కాలమ్ ఆనాటి రిపోర్టుల్లో లేదు. ఇప్పుడు కొన్ని సంస్థలు అడుగుతున్నాయి, సంతోషం.

ఇక జబ్బు సంగతి. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త మిషనరీలు చదివే ఒక పత్రికలో 1960లో కల్చర్ షాక్, అంటే కొత్త దేశపు పద్ధతుల మధ్య పడ్డ మనిషికి కలిగే తికమక, లక్షణాలు రాశాడు. చేతులు మరీ ఎక్కువగా కడుక్కోవడం, తాగే నీళ్ల గురించి, పక్కబట్టల గురించి అతిగా ఆందోళన, అందరూ మోసం చేస్తున్నారన్న భయం, చిన్న ఆలస్యానికే పెద్ద కోపం, శూన్యంలోకి చూపు. తర్వాత దశలో స్వదేశీయులంతా ఒకచోట చేరి ఆ దేశాన్ని తిట్టుకుంటారట. ఆయన చెప్పినవన్నీ నిజమే. కానీ ఆ శూన్యపు చూపు పడేది పక్కింటి గోడ మీద. ఆ తిట్లు వినిపించేదీ ఆ ఇంటికే. గోడకు ఇవతల షాక్ గురించి మాత్రం ఏ శాస్త్రవేత్తా రాయలేదు.

అమెరికాలో పుట్టిన మోర్మన్ క్రైస్తవ సంఘం రిటైరైన దంపతులను కూడా వాళ్ల సొంత ఖర్చు మీద సేవకు పంపుతుంది. గడువు సాధారణంగా ఆరు నెలల నుంచి 23 నెలల దాకా. సరిగ్గా వీధి పేర్లు నోటికొచ్చి, ప్లంబర్‌తో ఫోన్‌లో మాట్లాడే ధైర్యం వచ్చేసరికి తిరుగు ప్రయాణం. శిక్షణ పూర్తవగానే మనిషి వెళ్లిపోతే ఏ కంపెనీ అయినా బాండు రాయించుకుంటుంది. పక్కింటావిడ వీడ్కోలు చెప్పి, అదే ఇంట్లో కొత్తగా దిగిన జంటకు ప్లగ్గు గురించి మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. వెళ్లినవాళ్లు అక్కడ స్లైడ్లు చూపిస్తారు. మొదటి స్లైడ్‌లో ఆవిడే ఉంటుంది. కింద 'ఈ సోదరి కోసం ప్రార్థించండి' అని ఉంటుంది.

కాబట్టి నా ప్రతిపాదన ఒకటే. పక్కింటావిడ కూడా నెలనెలా లేఖ రాయాలి. నమూనా ఇస్తున్నాను.

'ప్రియమైన చందాదారులకు, ఈ నెల ఎంతో ఫలవంతంగా గడిచింది. మన దంపతులు ఎవరి సాయమూ లేకుండా బస్సెక్కారు. దిగాల్సిన చోట దిగలేదు గానీ, దిగారు. ఆయనకు భూతకాలం వచ్చేసింది. భవిష్యత్తు కోసం ప్రార్థించండి. ఆవిడ ఒక సాయంత్రం మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. కారణం చెప్పడానికి తగినన్ని మాటలు ఇంకా రాలేదు, నేనూ అడగలేదు. ముఖ్య అవసరం: మా మరిదికి మరో పూట సెలవు.'

ఇలాంటి లేఖకు చందా రాదంటే నేను నమ్మను.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. దంపతుల రిపోర్టులో గృహదర్శనాలు అని ఒక కాలమ్ ఉంటుంది. స్టవ్ ఎందుకు వెలగట్లేదో అడగడానికి పక్కింటికి వెళ్లినప్పుడల్లా అందులో ఒక అంకె పెరుగుతుంది. రేపు పక్కింటావిడ కూడా రిపోర్టు మొదలుపెడితే, అదే సందర్శన ఆమె ఖాతాలోనూ పడుతుంది. ఒకే అరగంటకు రెండు మిషన్లు చందా వసూలు చేస్తే ఆడిటర్ ఊరుకోడు. ఎవరి లెక్కలో రాయాలో ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవాలి. కూర్చునేది ఆవిడ వంటింట్లోనే కాబట్టి, దంపతులు దాన్నీ గృహదర్శనాల్లో రాసుకుంటారు.