మొదటి ప్రశ్న గారికి ఒక రోగి విన్నపం

మహారాజశ్రీ ‘ఇన్సూరెన్స్ ఉందా అండీ?’ అనే ప్రశ్న గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కుశలంగా ఉన్నవాడు డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఫోను చేయడు కాబట్టి ఆ మాటను సగానికి కోశాను. తమరు క్షేమమని మాత్రం రోజూ తెలుస్తూనే ఉంది.

తమ చురుకుదనానికి జోహార్లు. నేను ‘నొప్పి’ అంటానో లేదో, ‘ఏ కంపెనీ అండీ?’ అంటూ హాజరవుతారు. ‘రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ, ఎందుకంటే...’ అంటే ‘కార్డు మీ పేరున ఉందా, ఇంట్లో ఇంకెవరి పేరునైనా ఉందా?’ అంటారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు కూడా ఆ చుట్ట ఏ కంపెనీదో చెప్పమని ఇంటాయనను నిలదీయలేదు.

ఆ తరువాత కార్డు చదివే కార్యక్రమం. సభ్యత్వ సంఖ్య ఒకటి, గ్రూపు సంఖ్య మరొకటి. ఏది ఏదో పోల్చుకోవడానికి కళ్లద్దాలు కావాలి. కళ్లద్దాలు పక్క గదిలో ఉంటాయి. నేను ‘బి’ అంటే అవతల ‘డి’ అని రాసుకుంటారు. అది సున్నానా, ‘ఓ’ అక్షరమా అన్న చర్చ చాలాసేపు నడుస్తుంది. మధ్యలో నేనొకసారి మూలిగాను. దాన్ని కూడా ఒక అంకె కింద జమ కట్టారేమోనని నా అనుమానం.

ఫోనెత్తిన అమ్మాయిని ఒక్క మాట అనను. కంపెనీ బిల్లును తిప్పికొడితే ఆ బాకీ కోసం తిరగాల్సింది వాళ్ల ఆఫీసే. డాక్టరు ఆ కంపెనీ నెట్‌వర్కులో, అంటే దానితో ఒప్పందమున్న డాక్టర్ల జాబితాలో, లేకపోతే ఖర్చంతా రోగి నెత్తిన పడవచ్చు. ఆ కబురు ముందే తెలియడం మేలే. ఇదంతా ఒప్పుకుంటున్నాను, కాస్త పళ్లు కొరుకుతూ.

తమ వంశచరిత్ర కూడా తిరగేశాను. 1929లో అమెరికాలోని డాలస్‌లో బేలర్ ఆసుపత్రి అక్కడి స్కూలు టీచర్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు 50 సెంట్లు కడితే, అవసరం పడినప్పుడు 21 రోజుల పాటు ఆసుపత్రిలో వైద్యం. బ్లూ క్రాస్ అనే అక్కడి ఆరోగ్య బీమా పథకాలకు మూలం అదే. టీచర్ల పాత బాకీలు ఆసుపత్రి ఖాతాల్లో పేరుకుపోవడం చూసి వేసిన ఎత్తు అది. అంటే వసూళ్ల బెంగ తమకు పుట్టుకతోనే వచ్చింది, తప్పు పట్టను. కానీ డబ్బు లేదన్న భయంతో రోగి గుమ్మం బయటే ఆగిపోకూడదని కూడా ఆ ఏర్పాటు. ఇప్పుడు ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడింది తమరే.

పక్కకు తప్పుకోవడం తమకు చేతకాదా అంటే, అదీ కాదు. అదే దేశంలో ఎంటాలా అని 1986 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరిన ఆసుపత్రులు అత్యవసర విభాగానికి వచ్చిన మనిషికి చేయాల్సిన పరీక్షను ఇన్సూరెన్స్ వివరాల కోసం ఆలస్యం చేయకూడదు. చట్టం కన్నెర్ర చేస్తే తమరు బుద్ధిగా వెనక వరసలోకి వెళ్లగలరన్నమాట. మామూలు అపాయింట్‌మెంటుకు వచ్చేసరికే ఆ వినయం కనిపించదు. తమ కంట పడాలంటే మాలాంటివాళ్లు కుప్పకూలి రావాలి కాబోలు.

ఇక అసలు రసవత్తర ఘట్టం. సంఖ్యలన్నీ సరిపోయాయి, పుట్టినతేదీ కలిసింది, పాలసీ అమల్లో ఉందని తేలింది. ఇంత తతంగం ముగిశాక కంపెనీ వారి టేపు ఒకటి తియ్యగా వినిపిస్తుంది: ‘ఈ ధ్రువీకరణ చెల్లింపునకు హామీ కాదు.’ డబ్బు ఇస్తామని చెప్పడానికి కాకపోతే మరి ఇంతసేపూ నన్ను ఎందుకు అడిగినట్లు? నా గొంతు బాగుందనా?

తమను మానేయమని అడగడం లేదు. ఒక్క మెట్టు కిందికి దిగండి, చాలు. ‘ఏమైందండీ?’ అని తమకొక తోబుట్టువు ఉండేది, ముద్దుగా, రెండు మాటల్లో. ఆవిడను ముందు నడవనివ్వండి. వెనకాలే తమరు రండి. కార్డు, కళ్లద్దాలు రెండూ చేతిలో పెట్టుకొనే కూర్చుంటాను.

ఇట్లు,
సభ్యత్వ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలతో మాత్రమే తమకు పరిచయమున్న
ఒక రోగి

తా.క.: ఎడమ మోకాలు. మెట్లు దిగేటప్పుడు నొప్పి, ఎక్కేటప్పుడు కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.