వస్తానంటాడు, పోడు

మా మామ "వస్తానబ్బీ" అని లేచాడంటే, ఇంకో అరగంట గడప దగ్గర నిలబడి మాట్లాడతాడని అర్థం. ట్రాన్సిస్టర్లలోనూ ఆయన చుట్టాలున్నారని మొన్న మే నెలలో తెలిసింది.

కర్నూలు ఎండ, దానికితోడు రాత్రిళ్లు కరెంటు కోత. పాత 20 వాట్ల ట్యూబ్‌లైటుకి 12 వోల్టుల బ్యాటరీతో ఎమర్జెన్సీ లైటు చేద్దామని కూర్చున్నాను. పుష్-పుల్ సర్క్యూట్. రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు (రేడియో కాదు, కరెంటుకి స్విచ్చిలా పనిచేసేవి), ఒక ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్. ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది ఆఫ్. సెకనుకు 25 వేల సార్లు ఒక్కోదానికీ వంతు రావాలి. అంటే ఒక్కో వంతుకి 20 మైక్రోసెకన్లు.

వెలిగింది, చమురైపోయిన దీపంలాగా. ఆ ట్రాన్సిస్టర్ గెయిన్, అంటే బేస్ అనే కాలికి పోసిన కరెంటుకి ఎన్ని రెట్లు నడుపుతుందో ఆ లెక్క, 4 ఆంపియర్ల దగ్గర 20కి కూడా దిగొచ్చు. అప్పుడు బేస్‌కే 200 మిల్లీఆంపియర్లు పోయాలి. వంతులు మార్చే నా ఆసిలేటర్ సర్క్యూట్‌కి అంత స్తోమత లేదు. ఒక్కోదాని ముందు ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ తగిలించి డార్లింగ్టన్ జత చేశాను. (ఇందులో డార్లింగ్ ఎవరూ లేరు, కనిపెట్టినాయన ఇంటిపేరు.) ఇప్పుడు రెండు గెయిన్లూ గుణించుకుంటాయి!

ఇల్లంతా పగలైంది. నాలుగు సెకన్లు. తర్వాత కమురు వాసన.

"ఏమ్మా, బజ్జీలు మాడుతున్నట్టుండాయే?" అన్నాడు మామ.

"నావి బాగానే ఉండాయన్నా. మాడింది వాడివే" అంది అమ్మ వంటింట్లోంచి.

గెయిన్ మీది ఆశలో వేగం సంగతి మరిచాను. పెద్ద ట్రాన్సిస్టర్ బేస్‌లో చేరిన ఛార్జికి బయటికి దారి లేదు. బేస్‌కి కరెంటు ఆపినా "వస్తా, వస్తా" అంటూ గడపలోనే నిలబడింది. ఈలోగా రెండోది లోపలికొచ్చేసింది. రెండూ కలిసి ఆన్ అయితే ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండు సగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బ్యాటరీకి మిగిలేది షార్టే.

మర్నాడు బజారుకెళ్లి కొత్త ట్రాన్సిస్టర్లు తెచ్చాను. బేస్‌కీ, కరెంటు బయటికి పోయే ఎమిటర్ కాలికీ మధ్య 100 ఓముల రెసిస్టర్ పెట్టాను, ఛార్జి జారుకోవడానికి పెరటి తలుపు. బేస్‌కి ముందున్న రెసిస్టర్ మీద చిన్న కెపాసిటర్, ఆ ఛార్జిని మెడపట్టి గెంటడానికి. అయినా నమ్మకం చాలక, ఒకటి ఆఫ్ అయ్యాక కొన్ని మైక్రోసెకన్లు ఆగి రెండోదాన్ని రమ్మన్నాను.

రాత్రి కరెంటు పోయింది. మామ లేచాడు. చెప్పులేసుకున్నాడు. ఎన్నడూ లేనిది, ఒక కాలు వీధిలో కూడా పెట్టాడు. సరిగ్గా అప్పుడే నేను స్విచ్చి వేశాను. లైటు తెల్లగా, నిలకడగా వెలిగింది. ట్రాన్సిస్టర్ల వేడి లాగే హీట్‌సింక్ గోరువెచ్చగా ఉంది, అంతే.

మామ చెప్పులు విప్పాడు.

"ఇంత వెలుతురు పెట్టుకుని చీకట్లో యాడికి పోయేదబ్బీ" అంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "అమ్మా, బజ్జీలేమన్నా మిగిలినాయా?"