ఎస్సే ఒక్కసారి రాయించి వదిలేస్తే రాయడం రాదు

కాలేజీ మొదటి ఏడాదిలో రాయడం నేర్పే కంపోజిషన్ కోర్సు గురించి చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను. కాస్త పొడుగు పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు ఎస్సేలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల పక్కన కూర్చుని వాటిని చదవడం నా పనిలో భాగం. టాపిక్ మారుతుంది, మనిషి మారతారు, అడిగే ప్రశ్న మాత్రం మారదు: "ఇందులో తప్పులేమైనా ఉన్నాయేమో చూస్తారా?" నా వాదన నిలబడుతుందా అని అడిగేవాళ్లు చాలా అరుదు. ఇందులో ఆ పిల్లల తప్పేమీ లేదు. వాళ్ల చేత ఎస్సే ఒకసారి రాయిస్తాం, ఎర్ర పెన్నుతో గీతలు గీస్తాం, మార్కు వేస్తాం, మర్నాడే కొత్త టాపిక్ ఇచ్చేస్తాం. దిద్దిన కాగితాన్ని మళ్లీ తెరిచే అవసరమే వాళ్లకి రాదు. తిరగరాయించని కోర్సు రాయడం నేర్పడం లేదు, రాయడం వచ్చో రాదో పరీక్ష పెడుతోంది. వచ్చినవాళ్లు మంచి మార్కులతో బయటపడతారు. రానివాళ్లు రానట్టే మిగిలిపోతారు.

ఒక ఉదాహరణ చెప్తాను. హాజరు తప్పనిసరి చేయడం మంచిదా కాదా అనే టాపిక్ మీద ఒకమ్మాయి రాసుకొచ్చింది. మొదటి వాక్యం: "ప్రాచీన కాలం నుంచి మనిషి జీవితంలో విద్యకు ఎంతో ప్రాముఖ్యత ఉంది." ఆ పేరా చివర, థీసిస్ (అంటే ఎస్సే మొత్తం నిలబెట్టాల్సిన ఒక్క మాట) ఉండాల్సిన చోట: "హాజరు తప్పనిసరి చేయడం వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి." ఈ మాటను కాదనేవాళ్లు ఎవరైనా ఉంటారా? కాదనేవాళ్లే లేనప్పుడు దాన్ని నిరూపించడానికి నాలుగు పేజీలు ఎందుకు? అలాగని ఆ ఎస్సేలో సరుకు లేదా అంటే, ఉంది. మూడో పేజీలో, నష్టాల జాబితాలో మూడోదిగా ఒక వాక్యం ఉంది: "రాత్రంతా పని చేసి పొద్దున్నే క్లాసుకి రావాల్సినవాళ్లు ఈ నిబంధన వల్ల మార్కులు పోగొట్టుకుంటున్నారు." తను చెప్పదలచుకున్నది అదే. ఆ సంగతి తనకే తెలియదు, ఎందుకంటే అది రాసేసరికి పేజీలు అయిపోవచ్చాయి, గడువు దగ్గరపడింది.

"అయితే వాళ్లకి మినహాయింపు ఇవ్వాలంటావా, నిబంధనే తీసెయ్యాలంటావా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "హాజరు వేసుకోవచ్చండీ, కానీ దానికి మార్కులు పెట్టకూడదు" అంది. అదీ థీసిస్ అంటే. దాన్ని కాదనేవాళ్లు ఉంటారు, కారణాలు అడుగుతారు, సమాధానం చెప్పుకోవాలి. తర్వాతి డ్రాఫ్టులో ప్రాచీన కాలం పోయింది. లాభాల పేరాలు రెండు పోయాయి. వాటి చోట కొత్తది ఒకటి వచ్చింది: రోజూ క్లాసుకి వచ్చేవాళ్లకే మంచి మార్కులొస్తాయి కదా అనేవాళ్లకి జవాబు. రావడం వల్ల మార్కులొస్తున్నాయా, లేక చదువు మీద శ్రద్ధ ఉన్నవాళ్లే క్లాసుకీ వస్తున్నారా అని ఆ అమ్మాయి అందులో అడిగింది. మొదటి డ్రాఫ్టులో ఆ ప్రశ్న ఛాయ కూడా లేదు. మనం ఆ మొదటి డ్రాఫ్టుకే మార్కు వేసి పంపేసి ఉంటే ఆ ప్రశ్న ఎప్పటికీ పుట్టేది కాదు.

అందుకే "ముందు థీసిస్ రాయండి, తర్వాత ఎస్సే మొదలుపెట్టండి" అనే సలహాతో నాకు పేచీ ఉంది. కొందరికి అలా కుదురుతుంది. చాలామందికి తామేం అనుకుంటున్నారో రాస్తే గానీ తెలియదు. మొదటి వారంలోనే థీసిస్ కాగితం మీద పెట్టి సంతకం చేయించినట్టు చేస్తే, రాస్తుండగా మనసు మారినా ఆ వాక్యాన్నే పట్టుకుని వేలాడతారు.

తిరగరాయడం అంటే ఏమిటన్న దాని మీద రాయడం ఎలా నేర్పాలన్న దాని మీద పనిచేసిన అమెరికన్ పరిశోధకురాలు నాన్సీ సోమర్స్ 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. 20 మంది విద్యార్థులు, రాయడంలో అనుభవం ఉన్న 20 మంది పెద్దవాళ్లు. అందరిచేతా వ్యాసాలు రాయించి, ఒక్కోదాన్నీ రెండేసి సార్లు తిరగరాయించి, ఏం మార్చారో చూశారు. విద్యార్థుల దృష్టి మాటల మీదే ఉంది. ఒక పదం తీసి ఇంకొకటి పెట్టడం, వచ్చిన పదమే మళ్లీ రాకుండా చూసుకోవడం. అనుభవం ఉన్నవాళ్లు వాదన ఆకారం కోసం వెతికారు, చదివేవాళ్లు ఎక్కడ ఆగిపోతారో ఊహించుకుని పేరాలకి పేరాలే మార్చారు. నలభై ఏళ్లు దాటిపోయింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇప్పటికీ "రివైజ్ చేశానండీ" అంటే అర్థం స్పెల్లింగులు చూశానని. ఇంకో రకంగా చెయ్యొచ్చని వాళ్లకి ఎవరూ చూపించలేదు.

ఆవిడే 1982లో టీచర్ల కామెంట్ల మీద కూడా రాశారు. చాలా కామెంట్లు ఏ ఎస్సే మీద నుంచి తీసి ఏ ఎస్సే మీద పెట్టినా సరిపోయేలా ఉంటాయన్నది అందులో ఒక ముఖ్యమైన విషయం. "ఇంకా వివరించు", "అస్పష్టంగా ఉంది", "స్పెసిఫిక్‌గా రాయి". ఏది వివరించాలి? ఎవరికి అస్పష్టం? పైగా ఒకే పేరాలో కామా సరిచెయ్యమంటాం, పక్కనే ఈ పేరా మొత్తం అవసరమా అని రాస్తాం. తీసెయ్యాల్సిన పేరాకి కామాలు దిద్దుకుంటూ కూర్చోవాలా ఆ పిల్లవాడు? "హాజరుకీ మార్కులకీ ఉన్న సంబంధం ఇక్కడ నాకు అందలేదు, నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను" అని రాస్తే వాడు ఏదో ఒకటి చేయగలడు.

తప్పులు దిద్దడమే రాత నేర్పడం అనుకోవడం ఈనాటిది కాదు. అమెరికాలో హార్వర్డ్ 1874లో ప్రవేశ పరీక్షలో చిన్న వ్యాసం రాయించడం మొదలుపెట్టింది. తర్వాత అక్కడ మొదటి ఏడాదివాళ్లకి పెట్టిన ఇంగ్లిష్ ఏ అనే కోర్సే ఇవాళ్టి కంపోజిషన్ కోర్సులకి నమూనా. పిల్లలకి సరైన ఇంగ్లిష్ రావడం లేదన్న ఫిర్యాదులోంచి పుట్టింది కాబట్టి ఎర్ర పెన్ను దానికి పుట్టుకతోనే వచ్చింది. కానీ 1963లో అక్కడి ఇంగ్లిష్ టీచర్ల జాతీయ సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ సమీక్షించి తేల్చిన సంగతి ఏమిటంటే, వ్యాకరణాన్ని విడిగా పాఠంలా చెప్తే రాత మెరుగుపడటం దాదాపు సున్నా, ఒక్కోసారి నష్టం కూడా. కారణం తేలికే. ఆ పాఠం మింగేసిన సమయం అసలు రాయాల్సిన సమయం. వ్యాకరణం అక్కర్లేదని నేననడం లేదు. ఉండబోయే వాక్యాలేవో తేలాక చివరి డ్రాఫ్టులో చూడాల్సింది మొదటి రోజే చూస్తున్నామంటున్నాను.

కొటేషన్ల సంగతి కూడా ఇంతే. వేరేవాళ్ల మాట ఎక్కడి నుంచి తెచ్చామో చూపించడానికి ఎం.ఎల్.ఏ., ఏ.పి.ఏ. లాంటి పద్ధతులున్నాయి. ఎం.ఎల్.ఏ. స్టైల్‌లో పేజీ నంబరు ఎక్కడ, ఏ.పి.ఏ. స్టైల్‌లో సంవత్సరం ఎక్కడ అని క్లాసులకి క్లాసులు చెప్తాం. అవసరమే, కానీ చేతిలో గైడ్ ఉంటే ఎవరైనా చూసుకుని రాసేస్తారు. అసలు కష్టం ఎక్కడంటే, పిల్లలు ఒక నిపుణుడి మాట తెచ్చి పేరా మధ్యలో దించేసి పక్క పేరాకి వెళ్లిపోతారు. ఆ మాటకీ తమ వాదనకీ లంకె ఏమిటో చెప్పరు. స్టీఫెన్ టూల్మిన్ అనే తత్వవేత్త 1958లో వాదనను విడదీసి చూపించాడు: నువ్వు అంటున్నది ఒకటి, దానికి చూపిస్తున్న ఆధారం ఒకటి, ఆ ఆధారం నుంచి ఈ మాటకి ఎలా వచ్చావో చెప్పే మెట్టు ఇంకొకటి. పిల్లల ఎస్సేల్లో ఎప్పుడూ లేకుండా పోయేది ఆ మూడోదే. రాసేవాళ్లకి అది మనసులో ఉంటుంది కాబట్టి కాగితం మీద లేదని కనిపించదు. వేరేవాళ్లు చదివి "ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్లావు?" అని అడగాలి, మళ్లీ రాసే అవకాశం ఇవ్వాలి. వేరే దారి నాకు తెలియదు.

పరిచయం, మూడు కారణాలకి మూడు పేరాలు, ముగింపు అనే ఐదు పేరాల ఎస్సే గురించి ఎక్కువ చెప్పను. మొదట్లో భయం పోవడానికి పనికొస్తుంది. కానీ కారణాలు రెండే ఉన్న పిల్లవాడు మూడోది కల్పించుకోవాల్సి వస్తోందంటే దాన్ని వదిలేసే టైమ్ వచ్చిందని అర్థం.

టీచర్లకి అంత తీరిక ఎక్కడిది అంటారు. నిజమే, నేను ఒప్పుకుంటాను. అమెరికాలో కాలేజీ కంపోజిషన్ టీచర్ల సంఘం ఒక రైటింగ్ క్లాసులో 20 మందికి మించకూడదు, 15 అయితే మేలు అంటుంది. అంతకు ఎన్నో రెట్లు మందిని ఒక్కరి నెత్తిన పెట్టి ప్రతి డ్రాఫ్టూ చదవమనడం అన్యాయం. ఆ అన్యాయం గురించి మేనేజ్‌మెంట్లని అడగాల్సిందే. ఈలోపు ఎస్సేల సంఖ్య తగ్గించొచ్చు కదా? ఒక్కోసారి రాసి పడేసే ఆరు ఎస్సేల బదులు, రెండేసి సార్లు తిరగరాసే రెండు ఎస్సేలు పెట్టండి. కాగితాల లెక్క అంతే, ఆరు. మొదటి డ్రాఫ్టుకి మార్కు వద్దు, చదువుతూ మీరు ఎక్కడ ఆగిపోయారో చెప్పే ఒకే ఒక్క ప్రశ్న చాలు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇది ఇంకా తొందరపడాల్సిన పని అయింది. చివరి కాగితానికే మార్కు ఉన్నంతకాలం ఆ కాగితం మెషీన్ చేత రాయించుకోవాలన్న ఆశ పుడుతుంది. ఎవరు రాశారో పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లు నిజంగా సొంతంగా రాసినవాళ్లని కూడా అనుమానిస్తున్నాయి, ఆ టెన్షన్‌తో ఏడ్చిన పిల్లల్ని చూశాను. పోలీసు పని మానేసి, మొదటి డ్రాఫ్టు నుంచి మూడోదానికి నీ అభిప్రాయం ఎక్కడ మారింది, ఎందుకు మారిందో చెప్పమని అడగండి. సొంతంగా రాసినవాళ్లు పది నిమిషాలు ఆపకుండా చెప్తారు.

మొదటి ఏడాది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ టీచర్ తిరగరాయమనకపోయినా సరే, ఈసారి ఎస్సే గడువుకి నాలుగు రోజుల ముందు పూర్తి చేసి ఒక ఫ్రెండ్‌కి ఇవ్వండి. తప్పులు చూడమనకండి. చదివాక కాగితం పక్కన పెట్టించి, మీరేమంటున్నారో ఒక్క వాక్యంలో చెప్పమనండి. వాళ్లు చెప్పిన వాక్యం, మీ థీసిస్ వాక్యం పక్కపక్కన పెట్టుకుని అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.