ఈ బాకా వేరండీ

అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు క్రిస్ బోటి 2005 నాటి ‘టు లవ్ అగైన్’ ఆల్బమ్‌ను మీ వ్యాసంలో ‘హోటల్ లాబీ సంగీతం’ అని తేల్చేశారు. కొంత ఒప్పుకుంటాను, వయొలిన్ల హోరు అక్కడక్కడా పాకం ముదిరినట్టే ఉంటుంది. కానీ సాయంత్రం బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా కారులో ఇరుక్కున్నవాణ్ణి అడగండి!

మా ఊళ్లో ట్రంపెట్ అంటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళమే, చెవులు గింగురుమనాల్సిందే. అదే బాకా ఇంత గుసగుసగా మాట్లాడుతుందని బెంగళూరు ట్రాఫిక్‌లోనే తెలిసింది. ఇందులో ఇంగ్లిష్ గాయకుడు స్టింగ్ పాడిన ‘వాట్ ఆర్ యూ డూయింగ్ ది రెస్ట్ ఆఫ్ యువర్ లైఫ్’ వినండి. ఆయన గొంతు ఆగిన చోట ట్రంపెట్ అందుకుంటుంది తప్ప మీదెక్కి కూర్చోదు. బోటి వాయించేది 1939 నాటి ‘మార్టిన్ కమిటీ’ అనే రకం ట్రంపెట్. ఆ మెత్తదనంలో దానికీ వాటా ఉంది. ఏరోస్మిత్ రాక్ బ్యాండులో గొంతు చించుకునే స్టీవెన్ టైలర్ కూడా ఈ ఆల్బమ్‌లో చాప్లిన్ బాణీ ‘స్మైల్’ పాడాడు. గాయని గ్లాడిస్ నైట్ పాడిన ‘లవర్ మ్యాన్’ ఊసే మీరు ఎత్తలేదు, అది మాత్రం అన్యాయం సార్.

నిన్న మా ఆవిడ, ‘ఎవరండీ ఈ బూర, నిద్రొస్తోంది’ అంది. సరేనని ఆపబోతే నా చెయ్యి పట్టుకుంది.