టై కాబ్‌ని తెలుసుకోవాలంటే అల్ స్టంప్ పుస్తకంతో మొదలుపెట్టకండి

బేస్‌బాల్ ఆటగాడు టై కాబ్ పేరెత్తితే చాలు, చాలామంది ఒకే పాట అందుకుంటారు. బూట్ల అడుగు స్పైక్స్‌ని ఆకురాయితో పదును పెట్టుకుని ఎదుటివాళ్ల కాళ్లు చీల్చేవాడట. నల్లవాళ్లు కనిపిస్తే చాలు మీద పడేవాడట. డెట్రాయిట్ సందులో ఒకణ్ణి కొట్టి చంపాడట. చచ్చిపోతే బేస్‌బాల్ నుంచి ముగ్గురే వచ్చారట. ఈ కథల్లో కొన్ని అతను బతికుండగానే పుట్టాయి. కానీ వాటికి రంగూ రుచీ అద్ది, కొత్తవి చేర్చి, జనం బుర్రల్లో పాతేసింది ప్రధానంగా ఒక్క మనిషి: కాబ్ ఆత్మకథని దగ్గరుండి రాసిపెట్టిన అల్ స్టంప్. ఒక గొప్ప ఆటగాడి పేరు ఇంతగా ఒకే రచయిత చేతిలో పడి నలిగిపోవడం నాకు కోపం తెప్పించే విషయం. అందుకే ఈ పోస్టు ఇంత పొడుగు.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్ల కోసం రెండు ముక్కలు. టై కాబ్ 1886లో జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. 1905 నుంచి 1926 దాకా డెట్రాయిట్ టైగర్స్‌కి, ఆఖరి రెండేళ్లు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కి ఆడాడు. జీవితకాలపు బ్యాటింగ్ సగటు .366. అంటే లెక్కలోకి వచ్చే ప్రతి వెయ్యి అవకాశాల్లో 366 సార్లు హిట్ కొట్టాడన్నమాట. హిట్ అంటే బంతిని కొట్టి, ఔట్ కాకుండా కనీసం మొదటి మజిలీకి (బేస్‌కి) చేరడం. ఈ ఆటలో .300 దాటితేనే మంచి బ్యాటర్ అంటారు. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి మొట్టమొదటిసారి ఓటింగ్ పెట్టినప్పుడు 226 ఓట్లలో కాబ్‌కి 222 పడ్డాయి. బేబ్ రూత్‌కి 215. తోటివాళ్లంతా అసహ్యించుకున్న మనిషికి, అతని ఆట కళ్లారా చూసిన విలేకరులు అన్ని ఓట్లు వేశారంటే కాస్త ఆగి ఆలోచించాలి కదా.

ఇప్పుడు పుస్తకాల సంగతి. కాబ్ పేరుతో వచ్చిన పుస్తకాలు ఒకటి కంటే ఎక్కువే. 1914లో ‘బస్టింగ్ ఎమ్’ వచ్చింది, అసలు రాసింది జాన్ వీలర్ అనే పత్రికావ్యాపారి. 1925లో జ్ఞాపకాలు పత్రికల్లో ధారావాహికగా వచ్చాయి. అందరికీ తెలిసింది మాత్రం 1961లో డబుల్‌డే వేసిన ‘మై లైఫ్ ఇన్ బేస్‌బాల్: ది ట్రూ రికార్డ్’. ఆ జులై 17న కాబ్ అట్లాంటాలో చనిపోయాడు, పుస్తకం ఆ తర్వాత బయటికొచ్చింది. రాసిపెట్టింది స్టంప్. అప్పటికి కాబ్‌కి క్యాన్సర్, వయసు 74.

అదే సంవత్సరం డిసెంబరులో స్టంప్ ‘ట్రూ’ అనే మగవాళ్ల పత్రికలో ఒక పెద్ద వ్యాసం రాశాడు. అందులో కాబ్ పూర్తిగా వేరే మనిషి: తాగుబోతు, తుపాకీ పట్టుకు తిరిగే పిచ్చివాడు, దిక్కులేనివాడు. 1994లో దాన్నే పెంచి ‘కాబ్’ అనే పెద్ద జీవితచరిత్ర చేశాడు. అదే ఏడాది టామీ లీ జోన్స్‌తో సినిమా వచ్చింది, తెర మీద స్టంప్ కూడా ఒక పాత్ర. ఒకే చెయ్యి, ఒకే మనిషి గురించి, రెండు రకాల పుస్తకాలు. రెండూ నిజం కాలేవు. మొదటిదాంట్లో కాబ్ తన తప్పులకి సున్నం కొట్టించుకున్నాడు, అది ఆత్మకథల సహజ గుణం. రెండోదాంట్లో ఎదురు చెప్పేవాడు లేడు. అమెరికాలో చచ్చిపోయినవాళ్ల పరువు తీశారని దావా వెయ్యడం కుదరదు. గదిలో ఇద్దరే ఉన్న సన్నివేశాలకి బతికున్న సాక్షి రచయిత ఒక్కడే. పైగా ఎంత భయంకరంగా రాస్తే అంత బాగా అమ్ముడవుతుంది. ఇన్ని దారులు తెరిచి పెట్టాక గోరంత కొండంత కాకుండా ఎలా ఉంటుంది?

ఒక్క తుపాకీ విషయం తీసుకోండి. కాబ్ తండ్రి విలియమ్ హెర్షెల్ కాబ్ 1905 ఆగస్టులో సొంత ఇంటి దగ్గరే భార్య పేల్చిన గుండుకి చనిపోయాడు. రాత్రివేళ కిటికీ దగ్గర కదలిక చూసి దొంగ అనుకున్నానని ఆమె చెప్పింది. కోర్టు మరుసటి ఏడాది నిర్దోషిగా వదిలేసింది. ఇది జరిగిన మూడు వారాలకే కాబ్ డెట్రాయిట్ తరఫున మొదటి ఆట ఆడాడు. స్టంప్ రాతల్లో ఆమె చేతిలోది షాట్‌గన్. ఆ రోజుల నాటి పత్రికలూ, విచారణ కాగితాలూ చెప్పేది పిస్టల్. షాట్‌గన్ అయితే దృశ్యం మరింత ఘోరంగా ఉంటుంది, కథకి అది కావాలి. విలియమ్ ఆర్. కాబ్ అనే పరిశోధకుడు (ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు) 2010లో బేస్‌బాల్ పరిశోధకుల సంఘం పత్రికలో ఇదంతా విప్పి పెట్టాడు. స్టంప్ నుంచి సేకరణదారుల సంతలోకి వచ్చిన కాబ్ ‘వస్తువుల’ గురించి కూడా అందులో ఉంది. ఆ తుపాకీయే ఇదంటూ ఒక షాట్‌గన్, కాబ్ రాసినట్టు కనిపించే ఉత్తరాలు, ఏకంగా హాల్ ఆఫ్ ఫేమ్ దాకా చేరిన 1946 నాటి డైరీ. ఆ డైరీని ఎఫ్‌బీఐ పరీక్షించి నకిలీదని తేల్చింది. ఈ వ్యాసం చదివాక స్టంప్ 1994 పుస్తకంలో ఒక్క సంభాషణని కూడా వేరే ఆధారం లేకుండా నమ్మడం నావల్ల కాదు.

హత్య కథ కూడా అంతే. 1912లో డెట్రాయిట్‌లో కాబ్ మీద దుండగులు దాడి చేసిన మాట నిజం, అప్పటి పత్రికల్లోనే ఉంది. వాళ్లలో ఒకణ్ణి తరిమి పట్టుకుని చంపేశాడన్నది స్టంప్ చేర్పు. డగ్ రాబర్ట్స్ అనే పరిశోధకుడు ఆ ఊరి శవపరీక్షల రికార్డులు తిరగేశాడు. ఆ రోజులకీ, ఆ వర్ణనకీ సరిపోయే శవం దొరకలేదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనేవాళ్లకి నాదొకటే మాట: ఇక్కడ నిప్పు కత్తిదాడి, అందులో దెబ్బ తిన్నది కాబ్.

అంత్యక్రియల లెక్క కూడా సగం నిజమే. బేస్‌బాల్ నుంచి వచ్చింది రే షాల్క్, మికీ కాక్రేన్, నాప్ రక్కర్ లాంటి అతికొద్దిమంది. కానీ కుటుంబం దాన్ని ప్రైవేటుగా జరపాలనుకుంది. ఆ ఒక్క ముక్క తీసేస్తే చాలు, కుటుంబం కోరిక కాస్తా లోకం వెలివేత అయిపోతుంది.

స్పైక్స్ గొడవకి కనీసం ఫోటో ఉంది. 1909 ఆగస్టులో డెట్రాయిట్‌లో మూడో బేస్ దగ్గర ఫిలడెల్ఫియా ఫీల్డర్ ఫ్రాంక్ బేకర్ చెయ్యి కాబ్ స్పైక్‌కి గీసుకుపోయింది. ఫిలడెల్ఫియా అంతా అట్టుడికిపోయింది, చంపేస్తామని బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. విలియమ్ క్యూన్జెల్ తీసిన ఆ క్షణపు ఫోటో చూడండి. బేకర్ బేస్ దాటి ముందుకొంగి, బంతి ఉన్న చేత్తో కాబ్‌ని తాకబోతున్నాడు. కాబ్ ఒళ్లంతా అతనికి అవతలి వైపు వాలి ఉంది, కాలి వేలితో బేస్ అంచుని అందుకునే ప్రయత్నంలో ఉన్నాడు. కాలు చీల్చాలనుకునేవాడు ఫీల్డర్ మీదికి జారతాడు, ఫీల్డర్‌కి దూరంగా కాదు. బేకర్ కట్టు కట్టించుకుని ఆట కొనసాగించాడు.

ఇక జాతి విషయం. ఇక్కడ స్టంప్ ఒక్కడినే తిట్టి ఊరుకుంటే అన్యాయం. 1984లో చార్ల్స్ అలెగ్జాండర్ అనే చరిత్ర ఆచార్యుడు రాసిన జీవితచరిత్ర ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఫుట్‌నోట్లున్న పుస్తకం, ఆటల వివరాల్లో ఇప్పటికీ పనికొస్తుంది. అందులో కాబ్ గొడవపడ్డ ఒక రాత్రి కాపలాదారు, ఒక హోటల్ కుర్రాడు, ఒక మాంసం దుకాణదారు నల్లజాతివాళ్లని ఉంది. 2015లో చార్ల్స్ లీర్‌సన్ తను రాసిన కాబ్ జీవితచరిత్ర కోసం జనగణన కాగితాలు తీయిస్తే ముగ్గురూ తెల్లవాళ్లేనని తేలింది. మధ్యలో మూడు దశాబ్దాలు ఎంతమంది అలెగ్జాండర్ ఫుట్‌నోటుని చూపించి అదే మాట తిరగరాశారో! ఎవరో ఒకరు వెళ్లి అసలు కాగితం చూసుంటే అక్కడితో ఆగిపోయేది. 1952లో కాబ్ స్వయంగా నల్లజాతి ఆటగాళ్లు పెద్ద లీగుల్లో ఆడటాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూ పత్రికతో మాట్లాడాడు. అది కూడా చాలా పుస్తకాల్లో ఉండదు.

అలాగని లీర్‌సన్ పుస్తకం పట్టుకుని కాబ్‌ని గుళ్లో కూర్చోబెట్టకండి. 1908లో డెట్రాయిట్ వీధిలో కొత్తగా వేసిన తారు మీద నడవొద్దన్న ఫ్రెడ్ కాలిన్స్ అనే కూలీని కాబ్ కొట్టాడు. కాలిన్స్ నల్లజాతివాడే. కోర్టు తప్పు పట్టింది, కాబ్ 75 డాలర్లిచ్చి వదిలించుకున్నాడు. 1912 మేలో న్యూయార్క్‌లో తనని బూతులు తిడుతున్న ప్రేక్షకుణ్ణి కొట్టడానికి గ్యాలరీలోకి దూకాడు. ఆ మనిషికి ఒక చెయ్యి లేదు, రెండో చేతికి కొన్ని వేళ్లు లేవు. లీగు కాబ్‌ని సస్పెండ్ చేసింది. తోటి టైగర్స్ అతనికి మద్దతుగా సమ్మె కట్టారు. జట్టు యాజమాన్యం అప్పటికప్పుడు దొరికినవాళ్లని పోగేసి దింపితే ఫిలడెల్ఫియా చేతిలో 24-2తో ఓడిపోయారు. ఇవి ఏ స్టంపూ కల్పించినవి కావు. లీర్‌సన్ వీటిని దాచలేదు గానీ, కాబ్ పక్షాన వాదించే లాయరు గొంతు ఆ పుస్తకంలో అక్కడక్కడా వినిపిస్తుంది. తాతముత్తాతలు బానిసత్వాన్ని వ్యతిరేకించారన్నది మనవడి మనసుకి రుజువు కాదు, ఆ అధ్యాయం చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఏ వరసలో చదవాలంటే నా మాట ఇది. ముందు లీర్‌సన్. వెంటనే విలియమ్ ఆర్. కాబ్ వ్యాసం, గంటలో అయిపోతుంది. ఆ తర్వాత అలెగ్జాండర్, ఫుట్‌నోట్లు తెరిచి పెట్టుకుని. లారెన్స్ రిటర్ 1966లో ముసలి ఆటగాళ్ల మాటలు టేపు మీద రికార్డు చేసి వేసిన సంకలనంలో శామ్ క్రాఫర్డ్ భాగం తప్పక చదవండి. క్రాఫర్డ్ ఏళ్ల తరబడి కాబ్ పక్కనే ఆడాడు, ఇద్దరికీ పడేది కాదు. అతను చెప్పే కాబ్ మొండివాడు, అనుమానపు మనిషి, కానీ రాక్షసుడు కాదు. మనవడు హెర్షెల్ కాబ్ 2013 పుస్తకం తాతగా కాబ్ ఎలా ఉండేవాడో చెబుతుంది, దాన్ని ఆ హద్దుల్లోనే తీసుకోవాలి. స్టంప్ 1994 పుస్తకం చదవాలనిపిస్తే చివర్లో చదవండి, నవల చదివినట్టు.

కొత్త పుస్తకం ఏదైనా చేతికొస్తే నమ్మొచ్చో లేదో తేల్చడానికి పది నిమిషాలు చాలు. ముందుగా చివరి పేజీల్లోని పదసూచిక (ఇండెక్స్) తీసి, అందులో ‘స్టంప్’ పేరు ఎన్నిచోట్ల ఉందో చూడండి, అతన్ని సాక్షిగా వాడుకున్నారా, విమర్శిస్తున్నారా అన్నది కూడా. తర్వాత తండ్రి మరణం పేజీ తీయండి: షాట్‌గన్ అని ఉంటే రచయిత అసలు కాగితాలు చూడలేదు. తర్వాత 1912 దాడి. ‘చంపేశాడు’ అని తేల్చి రాసి, ఏ రికార్డూ చూపకపోతే ఆ పుస్తకం అరలో పెట్టేసి రండి. కొటేషన్లలో పేజీల కొద్దీ సంభాషణ ఉందా? యాభై ఏళ్ల కిందటి మాటలు అక్షరం పొల్లుపోకుండా ఎవరికీ గుర్తుండవు.

ఇంత చెప్పాక 1961 ఆత్మకథని పారెయ్యమంటున్నానా? లేదు. కుటుంబం, గొడవలు, శత్రువుల పేజీలు దాటెయ్యండి. ఆట గురించి చెప్పే పేజీల దగ్గర నెమ్మదించండి, అక్కడ మాట్లాడేది కాబే. రెండు చేతులూ ఒకదానికొకటి ఆనించకుండా బ్యాట్ మీద కాస్త ఎడం పెట్టి పట్టుకునేవాడు. పై చేతిని కిందికి జార్చి బలంగా కొట్టడమో, కింది చేతిని పైకి తెచ్చి మెల్లగా నెట్టడమో బంతి వచ్చేలోపే తేల్చుకునే వీలు దానివల్ల. తన వంతు కోసం ఆగేటప్పుడు మూడు బ్యాట్లు కలిపి ఊపేవాడు, తర్వాత ఒక్కటి పట్టుకుంటే అది తేలిగ్గా తిరిగేది. సీజన్ ముందు బూట్లలో బరువులు పెట్టుకుని పరిగెత్తడం కూడా అదే సూత్రం. బేస్‌లోకి జారేటప్పుడు బంతిని చూసేవాడు కాదు, ఫీల్డర్ కళ్లని చూసేవాడు. కళ్లు ఎటు తిరిగితే బంతి అటు వస్తోందని అర్థం, కాబ్ జారేది దానికి ఎదురువైపు. బేకర్ ఫోటోలో కనిపించేది కూడా సరిగ్గా ఇదే.

అంకెల దగ్గర ఒక జాగ్రత్త. పాత పుస్తకాల్లో కాబ్ హిట్లు 4,191, సగటు .367 అని ఉంటాయి. 1910లో ఒక ఆట లెక్క రెండుసార్లు ఎక్కిందని పీట్ పామర్ అనే గణాంకాల పరిశోధకుడు పట్టుకున్నాడు, 1981లో ఆ సంగతి అచ్చయింది. సరిదిద్దితే 4,189, .366. అప్పటి బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్ ఒప్పుకోలేదు, లీగు అధికారిక లెక్క ఇప్పటికీ పాతదే. దీనివల్ల కాబ్ హిట్ల రికార్డుని దాటిన పీట్ రోజ్ రికార్డు తేదీ కూడా మారుతుంది. సంబరాలు జరిగింది 1985 సెప్టెంబరు 11న సిన్సినాటీలో, 4,192వ హిట్‌కి. సరిదిద్దిన లెక్క ప్రకారం అతను కాబ్‌ని దాటింది సెప్టెంబరు 8న షికాగోలో. ఇక 2024 మేలో నల్లజాతి ఆటగాళ్లకి ఒకప్పుడు విడిగా నడిచిన నీగ్రో లీగుల అంకెలని ప్రధాన లీగుల లెక్కలో కలిపాక జీవితకాలపు సగటులో మొదటి స్థానం జాష్ గిబ్సన్‌ది, .372. కాబ్ రెండోవాడు. ‘అందరికంటే ఎక్కువ సగటు’ అని అట్ట మీద వేసిన ప్రతి కాబ్ పుస్తకంలోనూ ఆ వాక్యం ఇప్పుడు మార్చాల్సిందే.