పూరీ యాత్ర: ఊళ్లు కాదు, రాత్రులు లెక్కపెట్టండి

నల్లగొండ గడియారం సెంటర్‌లో చూసినా, మహబూబ్‌నగర్ బస్టాండు చుట్టుపక్కల చూసినా యాత్ర పోస్టర్లన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. పైన జగన్నాథుడి గుండ్రటి కళ్లు, కింద క్షేత్రాల చిట్టా, ఆ కింద ‘భోజన, వసతి సౌకర్యం కలదు’. చిట్టా ఎంత పొడుగుంటే సీట్లు అంత తొందరగా నిండుతాయి. అదే పైసలకు ఇంకో రెండు గుళ్లు ఎక్కువొస్తే లాభమే కదా అనిపిస్తుంది. ఆ లెక్కే తప్పు. పూరీకి రెండు రాత్రులు ఇవ్వలేనివాళ్లు అసలు అక్కడ బస్సు దిగకపోవడమే మేలు.

ఎందుకంటే పూరీ పొద్దుగాల ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి తెరుచుకునే ఊరు. టూరు బస్సు దిగేది ఆ రెంటికీ మధ్యలో. పదకొండుకు దింపి, నాలుగింటికల్లా బస్సు దగ్గర ఉండాలంటారు. ఆ అయిదు గంటల్లో ఎండ ఉంటుంది, క్యూ ఉంటుంది, భోగం వేళ దర్శనం ఆగడం ఉంటుంది. తెల్లవారుజామున తలుపులు తీశాక జరిగే మంగళ ఆరతి అప్పటికే అయిపోయి ఉంటుంది. శిఖరం మీద జెండా మార్చే వేళకు బస్సు ఊరు దాటి ఉంటుంది.

ఆ జెండా సంగతి కాస్త చెప్పాలి. చునరా సేవకులు రోజూ పొద్దుగూకే ముందు, ఎలాంటి ఆసరా లేకుండా, రాతి అంచులు పట్టుకొని 214 అడుగుల శిఖరం ఎక్కుతారు. పైన నీలచక్రానికి కట్టిన పాత పతాకాలు విప్పి కొత్తవి కడతారు. కింద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. దీనికి గుడి లోపలే ఉండాల్సిన పని లేదు. 2024 జనవరి 17న ప్రారంభమైన శ్రీమందిర పరిక్రమ (గుడి చుట్టూ తీర్చిన నడక దారి) తర్వాత ప్రహరీ చుట్టూ జాగా ఖాళీ అయింది, బయట నిలబడి హాయిగా చూడొచ్చు. ఎండాకాలంలో ఆరు ప్రాంతంలో, చలికాలంలో అంతకంటే ముందే మొదలవుతుంది. టికెట్ లేదు, క్యూ లేదు. కావాల్సిందల్లా ఆ సాయంత్రం ఊళ్లో ఉండటమే, ప్యాకేజీలో దొరకనిది సరిగ్గా అదే.

మనవాళ్లకు తిరుమల అలవాటు. ముందే మూడు వందల టికెట్ కొనుక్కొని, చెప్పిన గంటకు వెళ్లి నిలబడే పద్ధతి. పూరీలో ఆ పద్ధతి లేదు. అక్కడి సేవలకు వరస ఉంది కానీ గడియారం లేదు. పొద్దున ఒక సేవ గంట ఆలస్యమైతే రాత్రి దాకా అన్నీ వెనక్కి జరుగుతూ పోతాయి. పైగా కొన్ని బుధ, గురువారాల్లో ‘బనకలాగి’ ఉంటుంది. స్వాముల ముఖాలకు రంగులు దిద్దే రహస్య సేవ ఇది. అప్పుడు నాలుగైదు గంటలు సామాన్యులకు దర్శనం బంద్. తేదీ ముందే ప్రకటిస్తారు గనుక బయల్దేరే ముందు చూసుకోవాలి. రెండు రాత్రులున్న మనిషికి ఇదేం పెద్ద కష్టం కాదు, మర్నాడు పోతాడు. ఒక్క పూట కోసం వచ్చినవాడు మాత్రం సింహద్వారం ముందు ఫోటో దిగి వెనక్కి తిరగాల్సిందే.

ఏ నెలలో పోవాలన్నది ఇంకా ముఖ్యం. జ్యేష్ఠ పౌర్ణమి స్నానం తర్వాత రథయాత్ర దాకా దాదాపు పదిహేను రోజులు స్వామికి జ్వరం, దర్శనం ఉండదు. దీన్ని అణసర అంటారు. ఆ రోజుల్లో భక్తులు బ్రహ్మగిరిలోని అలర్‌నాథ్ గుడికి పోతారు. ఎండాకాలం సెలవులు అయిపోతున్నాయని జూన్‌లో పిల్లల్ని తీసుకొని ఆదరాబాదరా బయల్దేరేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. కార్తీకంలో ఇంకో చిక్కుంది, అందులోనే ఒక మంచి అవకాశం కూడా ఉంది. ఒడిశాలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకేమో అమావాస్యతో. కార్తీక పౌర్ణమికి ముందు అయిదు రోజులు పూరీలో ఇసుక వేస్తే రాలదు. పౌర్ణమి దాటిందంటే వాళ్ల కార్తీకం అయిపోయింది, మనకింకా పదిహేను రోజులు మిగిలే ఉంది. పుణ్యం లెక్క చూసుకునేవాళ్లకు కూడా ఆ పక్షం బాగుంటుంది. జనం పలచబడతారు, ఎండ తగ్గుతుంది.

ఇక ప్రయాణం. ఈ విషయంలో నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లు అదృష్టవంతులు, ఆ సంగతి వాళ్లకే సరిగా పట్టలేదు. సికింద్రాబాద్ నుంచి హౌరా పోయే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మన లైన్ మీదుగానే పోతుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున ఖుర్దా రోడ్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి పూరీ 44 కిలోమీటర్లు, లోకల్ రైళ్లున్నాయి, కార్లున్నాయి. భువనేశ్వర్ విశాఖ ఎక్స్‌ప్రెస్ కూడా ఇదే దారి. పాలమూరు వాళ్లు సికింద్రాబాద్ వెళ్లి ఎక్కాలి. నల్లగొండ నుంచి నల్లగొండ పేరుతోనే టికెట్ తీస్తే చాలాసార్లు వెయిటింగ్ లిస్ట్ చిన్న కోటాలో పడి కదలదు. సికింద్రాబాద్ నుంచి టికెట్ తీసి, ఎక్కే స్టేషన్‌గా నల్లగొండ పెట్టుకోండి. నాలుగు రాళ్లు ఎక్కువైనా బెర్తు దొరికే అవకాశం మెరుగు. ముందస్తు బుకింగ్ 2024 నవంబర్ నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. రాకపోకలు రెండూ ఒకేసారి తీసుకోవాలి. పోవడానికి దొరికింది కదా, రావడానికి తర్వాత చూద్దామనుకునేవాళ్లే భువనేశ్వర్ ప్లాట్‌ఫారం మీద తత్కాల్ కోసం ఫోన్ నొక్కుతూ కనిపిస్తారు.

గురువారం సాయంత్రం ఎక్కితే శుక్రవారం మధ్యాహ్నానికి పూరీలో గది. స్నానం, ఓ కునుకు, పొద్దుగూకే ముందు జెండా. శనివారం చీకటితోనే లేచి మంగళ ఆరతి, మధ్యాహ్నం గుడి ఆవరణలో మహాప్రసాదం అమ్మే ఆనంద బజార్, సాయంత్రం సముద్రం. ఆదివారం తెల్లవారుతూనే కోణార్క్, పదకొండుకల్లా వెనక్కి, భోంచేసి ఖుర్దా రోడ్‌కు చేరి తిరుగు ఫలక్‌నుమా. వచ్చేటప్పుడు ఆ బండి ఖుర్దాలో మధ్యాహ్నం దాటాక ఉంటుంది, సమయం టికెట్ మీద చూసుకోండి. సోమవారం పొద్దున నల్లగొండలో దిగి డ్యూటీకి పోవచ్చు. పెట్టాల్సిన సెలవు ఒకటి, మహా అయితే రెండు.

ఇందులో చిలికా లేదు, భువనేశ్వర్ లింగరాజు లేడు. కావాలనే వదిలేశాను. చిలికా సరస్సులో పడవ ఎక్కే సతపడా పూరీ నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు, పడవలో గంటలు పోతాయి, డాల్ఫిన్లు కనబడితే కనబడతాయి. కోణార్క్ 35 కిలోమీటర్లే, పైగా పూరీతో విడదీయరానిది. సింహద్వారం ముందు నిలబడ్డ అరుణస్తంభం ఒకప్పుడు కోణార్క్‌లో ఉన్నదే, మరాఠాల కాలంలో తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. పొద్దున పోతే తూర్పు ఎండ చక్రాల మీద ఏటవాలుగా పడి చెక్కడం లోతు తెలుస్తుంది. మిట్ట మధ్యాహ్నం అదే రాయి చప్పగా కనబడుతుంది. గర్భగుడి ముందుండే మండపం, జగమోహనంలోకి పోలేరు. అది కూలకుండా బ్రిటిష్ వాళ్లు 1903 ప్రాంతంలో లోపల ఇసుక నింపి మూసేశారు.

ఆనంద బజార్‌కు తొందరపడి పోయినవాళ్లు ఏమీ తినకుండానే తిరిగొస్తారు. భోగం స్వామికి, తర్వాత విమలాదేవికి నివేదించాకే మహాప్రసాదం అవుతుంది, అప్పుడే బయటికొస్తుంది. సాధారణంగా మధ్యాహ్నం దాటాకే. కట్టెల పొయ్యి మీద కుండ మీద కుండ పేర్చి వండుతారు. ఆ కుండల్ని మళ్లీ వాడరు. అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు), కూర, ఖట్టా (పుల్లటి పచ్చడి) అన్నీ కుండల్లోనే ఉంటాయి. కుండ అంచు నుంచి సెగ వస్తుంటే నేల మీద కూర్చొని తినాలి. ఉల్లి ఉండదు, వెల్లుల్లి ఉండదు. ఆలుగడ్డ, టమాట కూడా వాడరు. మన నాలుకకు కారం చాలదు, అయినా పచ్చడి ప్యాకెట్ తీయకండి. ధర ముందే అడిగి, కుండ చూసి, ఆ తర్వాతే కూర్చోవాలి. పంతులు గారితో కూడా అదే పద్ధతి, మొత్తం ఎంతో గుడి బయటే తేల్చుకోవాలి. లోపల గర్భగుడి ముందు బేరం ఆడలేరు.

గుడిలోకి ఫోను, కెమెరా, తోలు వస్తువు ఏదీ పోదు. చెప్పులు, పర్సు అందరికీ గుర్తుంటాయి, నడుముకున్న బెల్టు మాత్రం గుమ్మం దాకా వచ్చాకే గుర్తొస్తుంది. 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చినిగిన జీన్సు, చేతుల్లేని జాకెట్లు కూడా కుదరవు. ధోతి, చీర మేలు. 2024 జూన్‌లో నాలుగు ద్వారాలూ తెరిచాక కొత్త తిప్పలొకటి వచ్చింది. ఎక్కిన ద్వారం నుంచే బయటికొస్తామన్న నమ్మకం లేదు, చేతిలో ఫోనూ ఉండదు. తప్పిపోతే అరుణస్తంభం దగ్గర కలుసుకుందామని లోపలికి పోకముందే ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సింహద్వారం లోపల ఎక్కాల్సిన 22 మెట్ల వరస, బైసీ పాహచ, ఒక పరీక్షే. క్యూలో నిలబడ్డాక మెట్లంటే ఇంకా కష్టం, అందుకే వాళ్లకు తెల్లవారుజామే సరైన వేళ.

సముద్రం గురించి ఒక్క మాట గట్టిగానే. సాగర్ కాలువలోనో కృష్ణలోనో ఈత నేర్చినవాళ్లకే పూరీలో ఎక్కువ ప్రమాదం. ఏరు ఒక్క దిక్కుకే తోస్తుంది. ఇక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాక్కొనిపోతుంది. మోకాళ్ల లోతు దాటకూడదు. లాగేస్తే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. స్నానానికి నోలియాను తోడు తీసుకోండి. పెంఠకటా వాడలో ఉండే ఆ జాలర్లు చాలామంది తెలుగువాళ్లే, వాళ్ల తాతముత్తాతలు మన తూర్పు తీరం నుంచి వలస వెళ్లినవాళ్లు. వాళ్లతో తెలుగులోనే మాట్లాడొచ్చు.

‘ముసలోళ్లను అంత దూరం ఒంటరిగా ఎట్ల పంపుతం? బస్సయితే మనూరోళ్లు ఉంటరు, వంటాయన ఉంటడు, భాష తిప్పలుండదు’ అంటారు. నిజమే, ఆ భద్రతను కొట్టిపారేయలేం. కానీ ఆ మాట బస్సుకు సరిపోతుంది, చిట్టాకు కాదు. అదే బస్సు, అదే వంటాయన, మధ్యలో మూడు క్షేత్రాలు తీసేసి పూరీలో రెండు రాత్రులు పెట్టమనండి. రాత్రిపూట సీట్లో కూర్చొని వందల కిలోమీటర్లు కునుకుతూ పోయిన అమ్మకు కాళ్లు వాస్తాయి, పదిహేనో గుడి దగ్గర కిందికి దిగనే దిగదు. అడగండి, యాత్రలకు పోయొచ్చిన ప్రతి ఇంట్లో చెబుతారు.

ఈ చిట్టా జబ్బు పూరీ దాకా పోయేవాళ్లకే పరిమితమైతే ఇంత రాసే పని లేదు. మన సొంత నదీతీరాన్ని కూడా ఇదే తినేసింది. మనకు సముద్రం లేదు కానీ కృష్ణ ఉంది. తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి బీచుపల్లి, సోమశిల, సాగర్, వాడపల్లి, మట్టపల్లి ఒడ్డుల వెంట పోతుంది. ఆమడ దూరంలోనే తుంగభద్ర ఒడ్డున అలంపురం ఉంది, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ, ఏడో శతాబ్దపు నవబ్రహ్మ ఆలయాలు. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. వీటిలో దేన్నైనా మనవాళ్లు ఎంతసేపు చూస్తారు? కారు నీడకు పెట్టేంతసేపు. సాగర్ పొద్దున, యాదగిరిగుట్ట సాయంత్రం, మధ్యలో ఇంకేదైనా ‘కవర్’.

దీనికి యాత్రికుణ్ని ఒక్కడినే తిట్టి లాభం లేదు. ఊళ్లో రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి గదులు కట్టరు. గదులుండవు కాబట్టి ఎవరూ రాత్రి ఉండరు. పగటిపూట వచ్చిపోయేవాడు కొబ్బరికాయ, నీళ్లసీసా కొంటాడు, అంతే. రాత్రి ఉండేవాడు రెండు పూటలు తింటాడు, ఆటో ఎక్కుతాడు, పొద్దున పడవ అడుగుతాడు. పూరీలో ఇంతమంది బతుకుతున్నారంటే గుడి ఒక్కటే కారణం కాదు, జనం పడుకుని లేస్తారు కాబట్టి. మన పర్యాటక శాఖలు మాత్రం ఎంతమంది వచ్చారో చెబుతాయి, ఎన్ని రాత్రులున్నారో చెప్పవు. లెక్కలో లేనిదానికి బడ్జెట్ రాదు.

కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో వచ్చాయి, మళ్లీ 2028లో వస్తాయి. ఘాట్ల అంచనాలు తయారవుతాయి, సిమెంటు మెట్లు పోస్తారు, స్వాగత ద్వారాలు లేస్తాయి. ఆ అంచనాల్లో ప్రతి ఘాటు పక్కన ఒక గడి పెంచమని మన ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగాలి: ఈ ఊళ్లో పుష్కరాల తర్వాత కూడా మిగిలే మంచాలెన్ని, రాత్రి తొమ్మిది దాటాక అన్నం దొరికే చోటెక్కడ, తెల్లవారుజామున గుడి తెరిచే వేళ రాసిన బోర్డు ఏ బస్టాండులో ఉంది? సోమశిలకో, అలంపురానికో, వాడపల్లికో మొదట ఒక్కచోట వంద మంచాలు పెట్టి చూడొచ్చు. అది పన్నెండు రోజుల కోసం పోసే కాంక్రీటు కంటే తక్కువ ఖర్చులోనే అవుతుంది.