ఏలు పడలా!

మిషను అబద్ధం చెప్పదు. ఈ ఒక్కటి ముందే ఒప్పేసుకుందాం.

పోయిన నెల కావలి దగ్గర ఒక రేషన్ దుకాణంలో నా ముందున్న యానాది అవ్వ మిషను మీద వేలు పెట్టింది. పడలా. కొంగుకు తుడిచి పెట్టింది. పడలా. డీలరు సబ్బుతో కడుక్కు రమ్మన్నాడు. ఒకాయన కొబ్బరినూనె రాయమన్నాడు. ఇంకొకాయన, బాగా అనుభవం ఉన్నాయన, తలకాయకేసి రుద్దితే పడుద్దన్నాడు. రుద్దింది. పది వేళ్లూ అయిపోయాయి. కాలివేళ్లకు ప్రభుత్వం ఇంకా అనుమతి ఇవ్వలేదు గానీ, ఇచ్చుంటే అవీ పెట్టేదే.

"ఈ ఏళ్లతోనే గదా సామీ నలభై ఏండ్లు నాట్లేసింది" అంది.

అదే తప్పు! పౌరురాలన్నాక వేళ్లు జాగ్రత్తగా పెట్టుకోవద్దా? నాట్లు, కలుపు, రొయ్యల గుంటలో బురద ఎత్తడం, ఎలకల బొరియలు తవ్వడం... గీతలు అరిగిపోక ఏమవుతాయి? నా వేలు చూడండి, జన్మలో పెన్ను తప్ప ఏదీ మోయలేదు. పెట్టగానే పచ్చలైటు. దేశం నన్ను గుర్తుపట్టింది.

ఐరిస్, అదే కంటిపాప ముద్ర, అంటే అవ్వ కంటికి పొర. ఓటీపీ అంటే ఫోను కొడుకు దగ్గర, కొడుకు రొయ్యల గుంట దగ్గర. డీలరేమో ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు. అయినా ఆమె ఆమేనని తేలలేదు.

1911లో తెల్లదొరలు, కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసే నేరజాతుల చట్టాన్ని దేశమంతా బిగించారు. రిజిస్టరుకెక్కిన మనిషి వేలిముద్ర తీసుకునే అధికారం అందులో ఉంది. ఇదే కావలి పక్కన కప్పరాళ్లతిప్పలో ఎరుకల కుటుంబాలను సెటిల్మెంటులో, అంటే కాపలా శిబిరంలో పెట్టారు. యానాదుల్లోనూ కొందరిని జాబితాకెక్కించారు. వాళ్లవీ మట్టిలో అరిగిన వేళ్లే. కానీ "ఏలు పడలా, నువ్వు దొంగవని నమ్మలేం, రేపు రా" అని ఏ ఠాణా అయినా తిప్పి పంపినట్టు నేను వినలేదు.

ఆ చట్టం దేశమంతటా పోవడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది. సరే, పోయింది. మరి దొంగ అని ముద్ర వేయడానికి పనికొచ్చిన వేలు, గుప్పెడు బియ్యానికి పనికిరాదా? మొలగొలుకుల వరి నాటి మన కంచాలు నింపిన చెయ్యి అది! నాటి నాటి అరిగిందని ఆ చేతికే అన్నం ఆపుతారా? సిగ్గనేది ఉండక్కర్లా?

"రేపు పొద్దున్నే రా అవ్వా, సర్వర్ బాగుంటుంది" అన్నాడు డీలరు.

"రేపు నాట్లుండాయి సామీ" అని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.